డెపోకు: బానిసలకు సంక్రమించిన పల్లె

దేశచరిత్రలు వ్రాయువారు సాధారణముగా రాజధానులను గూర్చియే వ్రాయుదురు. కోట యెవరు కట్టించిరి, ఎవరు పడగొట్టిరి, సింహాసనమున నెవరు కూర్చుండిరి అను విషయములకు గ్రంథములలో కొదువ లేదు. ఆ కోటగోడ వెలుపల, ఏటిగట్టున, నాగలి పట్టినవా డెవడు, ఆ నేల వాని చేతికెట్లు వచ్చెను, ఎట్లు పోయెను అను సంగతి మాత్రము ఆ పుటలలో నరుదుగా కానవచ్చును. అయినను స్వేచ్ఛ యనగా నేమి, అది దేనిని ఆధారముగా గొని నిలుచును అను ప్రశ్నకు ఒక్కొక్కప్పుడు రాజధాని కంటె దాని పొరుగుననున్న పల్లెయే స్పష్టముగా సమాధానము చెప్పగలదు. అట్టి పల్లెలలో జావాద్వీపమందలి డెపోకు ఒకటి.

ఇండోనీషియాలోని మహానగరమైన జకార్తాకు దక్షిణముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, చిలివుంగ్ నది యొడ్డున డెపోకు కలదు. ఇప్పుడది పల్లె కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారము 20 లక్షలకు మించిన జనముగల నగరము. కాని యీ నగరపు నడిబొడ్డున నొక పాతయూరు దాగియున్నది. 1714వ సంవత్సరమున ఒక డచ్చి భూస్వామి మరణించుచు, తన బానిసల నెల్ల విడుదల చేసి, ఆ యూరిని వారికే వ్రాసి యిచ్చెను. వారును, వారి సంతతివారును 238 ఏండ్లు దానిని సమష్టిగా ననుభవించిరి. ఆ దాన మెంత గొప్పదో, అందులో నున్న కొరత యెంతటిదో తెలిసికొనుటకే యీ వ్యాసము.

డెపోకు కథకు ముందు ఆనాటి బతావియాను గూర్చి కొంత చెప్పవలసియున్నది. నేటి జకార్తాకు డచ్చివారు పెట్టిన పేరు బతావియా. 1602లో స్థాపితమైన డచ్చి ఈస్టిండియా కంపెనీ, 1619లో జయకర్త పట్టణమును కూల్చి, ఆ స్థలముననే తన ఆసియా వర్తకమున కంతకు రాజధానిని నిర్మించెను. కాలువలు, వంతెనలు, ఇటుక యిండ్లతో హాలెండును తలపించు నీ పట్టణము నిజమునకు బానిసల భుజములపై నిలిచినది. కంపెనీవారే 1673లో తీయించిన లెక్కలో పట్టణమందును పరిసరములందును గల జనము 27,068. అందు బానిసలు 13,278. అనగా వీథిలో నెదురుపడిన ఇరువురిలో నొకడు ఇంచుమించుగా మరియొకని సొత్తు! యజమానుని గొడుగు పట్టుటకు, వంట వండుటకు, బిడ్డను లాలించుటకు, చెరకు గానుగ త్రిప్పుటకు, కాలువ పూడిక తీయుటకు, అన్నిటికిని వారే.

ఈ బానిసలు జావావాసులు కారు. స్థానికుల నట్లు బంధించిన తిరుగుబాటు పుట్టునని భయపడి కంపెనీవారు దూరదేశములనుండి మనుష్యులను తెచ్చిరి. ఆ దూరదేశములలో మన తీరమును ఒకటి. డచ్చివారిని మన పెద్దలు వలందావారనిరి. బందరులోని వలందపాలెము అను పేరు వారి జ్ఞాపకమును నేటికిని నిలుపుచున్నది. 17వ శతాబ్ది మొదటి దశాబ్దిలోనే వారు బందరులో వర్తకశాల నెలకొల్పిరి. 1610లో పులికాటు చేరిరి. మన నేతగాండ్రు నేసిన అద్దకపు గుడ్డలను అక్కడి దీవులకు గొనిపోయి, వానికి బదులుగా లవంగములు, జాజికాయలు కొనుట వారి వర్తకపు మర్మము. ఈ చరిత్ర మన పాఠ్యపుస్తకములలో కలదు. అందు లేని భాగ మొకటి కలదు. చోళమండల తీరమున క్షామము గాని యుద్ధము గాని సంభవించినపు డెల్ల, తిండిలేని సంసారులు బిడ్డలను, తుదకు తమ్మును అమ్ముకొనిరి. గుడ్డలమూటల నెక్కించిన ఆ రేవులలోనే ఆ యభాగ్యులను గూడ ఓడల కెక్కించి బతావియాకు పంపిరి. బంగాళమునుండి, మలబారునుండి వచ్చినవారును వారితో గలిసిరి. శతాబ్ది చివరకు బాలి, సెలెబెస్ ద్వీపములనుండి వచ్చు బానిసలే యెక్కువ యయిరి.

బతావియాలో విడుదల పొందిన బానిసలును, వారి సంతానమును ఒక ప్రత్యేక వర్గమయిరి. వారిని మార్డైకరు లనిరి. 1673 లెక్కలో వారి సంఖ్య 5,362. పెక్కుమంది భారతదేశపు తీరములనుండి వచ్చినవారే. పోర్చుగీసువారి కొలువులో నుండి నేర్చిన పోర్చుగీసు యాసయే వారి యింటిభాష. 1661 ప్రాంతమున వారిలో కొన్ని కుటుంబములు బతావియాకు తూర్పున తుగు అను పల్లెలో స్థిరపడినవి. ఆ యాస అక్కడ 20వ శతాబ్ది వరకును వినబడెను.

ఈ మార్డైకరు అను మాట పాఠకులకు పరాయిదిగా దోచును. కాని దాని మూలము మనకు సుపరిచితము. మలయ్ భాషలో స్వేచ్ఛకు మెర్డేకా యని పేరు. 1945లో ఇండోనీషియా ప్రజలు వీథివీథిని ఎలుగెత్తి పలికిన మాట యిదియే. సంస్కృతమున మహర్ధిక యను శబ్దము ప్రాచీన జావాభాషలోనికి పోయి, క్రమముగా మెర్డేకా యయినది. మహత్తైన ఋద్ధి కలవాడు, అనగా గొప్ప సంపదయు ప్రభావమును గలవాడు మహర్ధికుడు. అటువంటి పదము స్వతంత్రుడను అర్థమునకు వచ్చుట వింతగా దోచవచ్చును. ఆలోచింపగా అందొక లోకానుభవము గోచరించును. ఋద్ధి లేనివానికి స్వేచ్ఛ పేరునకు మాత్రమే. సంకెల యూడిన మరుసటి దినమున వాడేమి తినవలెను? ఎచట తల దాచుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలకు బదులు దొరకకున్న వాడు పాత యజమానుని గుమ్మముననే మరల నిలుచును. డెపోకు చరిత్ర యంతయు ఈ యొక్క పదమునకు వ్యాఖ్యానము వంటిది.

ఇక దాతను గూర్చి చెప్పుదము. కొర్నేలిస్ షాస్తెలేన్ 1657లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జన్మించెను. తండ్రి ఫ్రాన్సుదేశపు ప్రొటెస్టంటు కుటుంబమువాడు. స్వమతాచరణ కొరకు స్వదేశమును విడిచిన వర్గమది. షాస్తెలేన్ 1675లో కంపెనీ యుద్యోగిగా బతావియాలో నడుగిడి, లెక్కలు వ్రాయు కొలువునుండి పెద్ద వర్తకాధికారి పదవి వరకు ఎదిగెను. 1691లో ఆ యుద్యోగమును వదలుకొని భూముల సాగునకు దిగెను. పట్టణపు దక్షిణమున ఆయన కొన్న యొక స్థలమే తరువాత వెల్తెవ్రేదెన్ అను పేర బతావియాలోని ప్రధానభాగ మయ్యెను. 1695లో సెరింగ్‌సింగ్‌ను, 1696లో ఇంకను దక్షిణముగా డెపోకును కొనెను. డెపోకు విస్తీర్ణము 1,244 హెక్టారులు, అనగా మూడువేల ఎకరములకు పైమాట.

ఆ యూరిపేరు క్రైస్తవసంఘమును సూచించు డచ్చి పదముల మొదటి యక్షరముల కూర్పని యొక కథ కలదు. అది తరువాతివారు కల్పించినది. షాస్తెలేన్ ఆ భూమిని కొనునాటికే దాని కా పేరున్నది. జావాభాషలో తపస్వి యుండు ఆశ్రమమునకు పడెపోకన్ అని పేరు. డెపోకు అను నామము దానికి సంబంధించినదే యని చెప్పుదురు.

షాస్తెలేన్ 1705లో వలసరాజ్యములను గూర్చి తన యభిప్రాయములను ఒక గ్రంథముగా వ్రాసెను. కంపెనీ కేవలము వర్తకపు లాభమునే చూచుకొనుచున్న కాలమున, భూమిని సాగుచేయు జనమును స్థిరముగా నిలుపుటయే దేశమునకు బలమని వాదించిన కొలదిమందిలో ఆయన యొకడు. ఇంతమాత్రముచే ఆయనను మహాత్ముని జేయరాదు. ఆయన జీవితాంతము బానిసల యజమానుడే. వారిని వెలపెట్టి కొనెను. వారి కష్టముతోనే ఆ భూములు పండెను. విడుదల పత్రము ఆయన మరణానంతరమే యమలులోనికి వచ్చెను. తాను సుఖించినంత కాలము సుఖించి, పోవునపుడు వదలిన సొత్తునకు ఔదార్యమని పేరిడుట న్యాయమా యని యడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. కాని ఆ కాలపు ధనవంతులు మరణశయ్యపై నొకరిద్దరు ముద్దుబానిసలను విడిచిపెట్టుట కద్దు. షాస్తెలేన్ చేసినది వేరు. ఆ భేదమును ఆయన మరణశాసనమే చెప్పును.

1714 మార్చి 13వ తేదీ గల ఆ శాసనమున ఆయన సుమారు 150 మంది బానిసలకు స్వేచ్ఛ నొసగెను. అంతటితో నిలువక, డెపోకు భూమిని వారికి వ్రాసెను. ఒక్కొక్కనికి విడివిడిగా తుండెములు చేసి కాదు. అందరకు కలిపి, సమష్టిసొత్తుగా. ఆ భూమి నన్యుల కమ్మరాదు. వంశపరంపరగా వారిదియే కావలెను. దున్నుకొనుటకు ఎనుములను, పండుగలలో వాయించుకొనుటకు గామెలన్ వాద్యములను గూడ నొసగెను. జూదమును, నల్లమందును నిషేధించెను. ఊరి యడవిని నరుకరాదని యాజ్ఞాపించెను. క్రైస్తవమతమును నిలుపుకొనవలెనని కోరెను. ఆ సంవత్సరము జూన్ 28వ తేదీన ఆయన మరణించెను.

శాసనములోని యీ షరతులను లోకజ్ఞుడు చదివిన వానిలోని ముందుచూపు స్పష్టమగును. నిన్నటివరకు కూలియు లేని సేవకునకు ఇరువది ఎకరముల పట్టా నిచ్చినచో ఏమగును? మొదటి కరవులో తాకట్టు, రెండవ కరవులో విక్రయము, మూడవ కరవులో మరల దాస్యము. అప్పులవాడు నట్టింట గూర్చున్న చోట స్వేచ్ఛ యొక తరము నిలుచుట కష్టము. కావుననే ఆయన భూమిని అమ్మకపు సరకుగా కాక, ఎండని చెరువువలె నుంచెను. అందరును త్రాగవచ్చును, ఒక్కడును మోసికొని పోరాదు. డచ్చి ప్రభుత్వము తన తూర్పు దీవులలో బానిసత్వమును చట్టరీత్యా రద్దుచేసినది 1860 జనవరి 1వ తేదీన. అనగా డెపోకు బానిసల విడుదలకు సుమారు 146 ఏండ్లకు పిదప!

విడుదలయైనవారు బాలి, సెలెబెస్ మున్నగు వేర్వేరు దీవులవారు, వేర్వేరు భాషలవారు, కాలక్రమమున పండ్రెండు ఇంటిపేర్లుగా నేర్పడిరి. బకాస్, ఇసాక్, యాకోబ్, యోనాతాన్స్, యోసెఫ్, లౌరెన్స్, లెయాండర్, లూన్, సమూయెల్, సుదీరా, తోలెన్సె, సదోక్ అనునవి ఆ పేర్లు. ఇందు పెక్కు బైబిలునందలి నామములు. సముద్రము దాటించి తెచ్చినపుడు స్వజనమును, స్వభాషను, పూర్వపు పేరును గోల్పోయిన మనుష్యులు క్రొత్త నేలపై క్రొత్త పేర్లతో నొక కుల మయిరి. దేశమునుగాని రక్తమునుగాని బట్టి కాక, ఒక దస్తావేజును బట్టి యేర్పడిన బంధుత్వమిది!

ఊరి పరిపాలనము గ్రామస్థులదియే. 19వ శతాబ్దిలో ప్రభుత్వ నిబంధనలచే దాని కొక క్రమ మేర్పడగా, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి మున్నగువారిని ఊరివారే యెన్నుకొనుచుండిరి. రాజ్యము డచ్చివారిది, చుట్టుపట్ల పల్లెల కధికారము భూస్వాములది, నడుమ నీ చిన్నయూరి కొక యధ్యక్షుడు! భూమినుండి వచ్చు రాబడిలో కొంత చర్చికి, బడికి, పేదసాదలకు వినియోగపడుచుండెను. 1873లో బతావియానుండి బోగోర్ వరకు రైలుమార్గము పూర్తికాగా, డెపోకు పట్టణమునకు దగ్గరయ్యెను. 1878లో నచట నొక మతవిద్యాలయము నెలకొల్పబడి 1926 వరకు నడచినది. సుమాత్రా, బోర్నియో, సెలెబెస్ మున్నగు దూరపు దీవుల యువకులు వచ్చి, మలయ్ భాషలో చదువుకొని, స్వస్థలములకు బోయి బోధకు లయిరి. బానిసల మనుమల పల్లె ద్వీపాంతరములకు గురువులను పంపుట చిన్న విషయము కాదు.

అడవిని గూర్చిన షరతు మరియొక విధముగ ఫలించెను. షాస్తెలేన్ నరుకవలదన్న వనములో మిగిలిన భాగమును 1913లో రక్షితవనముగా ప్రకటించిరి. డచ్చి యిండీసులో ప్రకృతిరక్షణకై ప్రత్యేకించిన మొట్టమొదటి ప్రదేశములలో నది యొకటి. అడవులను నరికి కాఫీ, చెరకు, తేయాకు వేయుటయే నాగరికత యని యెంచిన కాలమున, ఒక మృతుని మాటకు కట్టువడి రెండు శతాబ్దులు చెట్లపై గొడ్డలి వేయని రైతులను గూర్చి విన్న నెవరికైనను గౌరవము కలుగును.

ఇంతవరకు చెప్పినది వెలుగు. ఇక నీడను గూర్చి చెప్పకున్న చరిత్ర కాదు, స్తోత్ర మగును.

బతావియా చుట్టునున్న భూములను కంపెనీవారును, తరువాతి ప్రభువులును ప్రైవేటు వ్యక్తుల కమ్మిరి. కొన్నవానికి భూమితో పాటు దానిపై నివసించు రైతులపై గూడ అధికారము సంక్రమించెను. పంటలో పాలు తీసికొనుటకు, వెట్టిచాకిరి చేయించుకొనుటకు వానికి హక్కుండెను. మన జమీందారీ గ్రామములను చూచినవారి కిది వివరించి చెప్ప నక్కరలేదు. ఈ భారమును మోయలేక రైతులు పలుమార్లు తిరుగబడిరి. 1886లో బోగోర్ సమీపమున చియోమాస్ ఎస్టేటులోను, 1916లో బతావియా పొరుగున చొండెట్‌లోను జరిగిన తిరుగుబాటులు ప్రసిద్ధములు.

డెపోకు గూడ చట్టము దృష్టిలో నట్టి ప్రైవేటు భూమియే. దాని కొక్క యజమానుడు లేడు, ఒక సంఘమున్నది, అంతియే భేదము. మూడువేల ఎకరములను నూటయేబదిమంది సాగుచేయలేరు. కావున చుట్టుపట్ల ముస్లిము రైతులు వచ్చి ఆ భూములలో కాపురము పెట్టిరి. సంఘమునకు పంటలో పాలు చెల్లించిరి. తరతరములుగా వీరి సంఖ్య పెరిగెను. కాని వీరికి భూమిలో భాగము లేదు. అధ్యక్షుని ఎన్నికలో మాట లేదు. భాగస్వామ్యము శాసనమునందు పేర్కొనబడిన వారి సంతతికే. ఆ విధముగ, ఎవరి దయచేతనో బానిసత్వమునుండి విడుదలయై భూమిని పొందినవారి మనుమలు, మరియొకరికి భూస్వాము లయిరి. వారు క్రూరులని చెప్పుట లేదు. క్రౌర్యము లేకయే యసమానత నిలువగలదు. దానికి ఒక దస్తావేజును, ఒక యలవాటును చాలును.

దీనికి తోడు వేషభాషల గోడ లేచెను. డెపోకు క్రైస్తవులు డచ్చిభాష నేర్చిరి. యూరోపియను దుస్తులు ధరించిరి. పిల్లలను డచ్చి బడులలో చదివించి ప్రభుత్వోద్యోగములలో ప్రవేశపెట్టిరి. రక్తమున డచ్చివారు కాకున్నను, పొరుగువారు వారిని బెలందా డెపోకు, అనగా డెపోకు డచ్చివారని పరిహసించిరి. చదువు మంచిదియే, శుచియైన దుస్తు మంచిదియే. కాని ఆ చదువు పొరుగువాని గుడిసెలోనికి ప్రవేశింపలేదు. తమ యున్నతికి మూలము ప్రక్కయింటివాని స్నేహము కాక పైనున్న ప్రభువుల యాదరణయే యని నమ్మిన సంఘము, ఆ ప్రభువులు కూలిన నాడు ఎటు పోవలెను?

ఆ దినము 1945లో వచ్చెను. 1942నుండి జావా నాక్రమించిన జపానువారు ఆగస్టులో లొంగిపోయిరి. ఆ నెల 17వ తేదీన ఇండోనీషియా స్వాతంత్ర్యము ప్రకటింపబడెను. డచ్చివారు మరల వత్తురను భయము, మూడుశతాబ్దుల కోపము, చేతులకు చిక్కిన ఆయుధములు, అదుపులో నుంచు ప్రభుత్వము లేమి, ఇవి యన్నియు కూడిన ఆ నెలలలో జావాలోని పెక్కు చోట్ల రక్తపాతము జరిగెను. అక్టోబరు 11వ తేదీన సాయుధులైన యువజనులు డెపోకుపై బడిరి. ఇండ్లను దోచిరి, ప్రాణనష్టము జరిగెను. స్త్రీలను పిల్లలను ఒకచోట నిర్బంధించి, పురుషులను బోగోర్ చెరసాలకు గొనిపోయిరి. తుదకు బ్రిటిషు సైన్యములోని గూర్ఖా సిపాయిలు వచ్చి నిర్బంధితులను విడిపించిరి. పెక్కు కుటుంబములు చాలకాలము బోగోర్ శిబిరములో తల దాచుకొనెను. తరువాత కొందరు హాలెండునకు వలసపోయిరి. ఈ సంఘటనను ఆ యూరివారు గెడోరాన్ డెపోకు అని నేటికిని తలచుకొందురు.

ఈ ఘట్టమున రెండు సత్యములను ఒక్కసారిగా మనస్సున నుంచుకొనుట కష్టము గాని, యవసరము. నిరాయుధులైన గృహస్థులపై, స్త్రీబాలురపై బడి దోచుట ఏ స్వాతంత్ర్యోద్యమమునకును శోభ గాదు. మెర్డేకా యను మాటను పలుకుచు, రెండు శతాబ్దులకు పూర్వమే మెర్డేకా పొందిన బానిసల సంతతినే కొట్టుట చరిత్రలోని కఠినమైన హాస్యము. అట్లే, ఆ కోపము ఆకాశమునుండి ఊడిపడలేదనుటయు సత్యము. పాలికి భూమి దున్నినవాని కన్నులకు ఆ పండ్రెండు ఇంటిపేర్లు విముక్తులైన బానిసలవిగా కనబడలేదు; పన్ను దీయు దొరలవిగా కనబడెను. ఒకరి చరిత్ర నింకొకరు వినలేదు. వినిపించుటకు ఉమ్మడి బడి లేదు, ఉమ్మడి పంచాయతీ లేదు.

1949 చివర డచ్చివారు ఇండోనీషియా సర్వాధికారమును గుర్తించిరి. ప్రైవేటు భూముల వ్యవస్థ యింకను నిలుచుట కవకాశము లేదు. 1952 ఏప్రిలులో ప్రభుత్వము డెపోకు భూమిని స్వాధీనము చేసికొని, 2,29,261 రూపియాలకు పైగా పరిహార మిచ్చెను. చర్చి, బడి, శ్మశానము వంటివి సంఘమునకే మిగిలినవి. ఆ మిగిలిన యాస్తిని కాపాడుటకు అదే సంవత్సరము ఆగస్టులో షాస్తెలేన్ పేర నొక ధర్మసంస్థ యేర్పడినది. దేశమంతట ప్రైవేటు భూములను రద్దుచేయు చట్టము 1958లో వచ్చెను. ఆ విధముగ 1714 నాటి శాసనము 1952లో నంతమయ్యెను. దాని నంతము చేసినది విరోధి గాదు. భూమి దున్నువానికి దాస్యము పోవలెనను అదే సూత్రము. షాస్తెలేన్ నూటయేబదిమందికి వర్తింపజేసిన సూత్రమును స్వతంత్రరాజ్యము అందరకు వర్తింపజేయ బూనినది.

పిమ్మట నగరము వచ్చెను. 1976లో ప్రభుత్వగృహనిర్మాణ సంస్థవారు డెపోకులో ఇండ్లు కట్టించిరి. 1987లో ఇండోనీషియా విశ్వవిద్యాలయము తన ప్రధాన ప్రాంగణము నచటికి మార్చెను. 1999లో డెపోకు ప్రత్యేక నగరమయ్యెను. ఉదయమున లక్షలకొలది జనము రైళ్లలో జకార్తాకు పోయి సాయంత్రము తిరిగి వచ్చును. వరిపొలములు వీథు లయినవి. రక్షితవనములో ఆరు హెక్టారులు మాత్రము ఇండ్ల నడుమ మిగిలియున్నవి. చిలివుంగ్ నదిపై 1917లో కట్టిన పానుస్ వంతెన యొద్ద నేటికిని నీటిమట్టమును కొలుచుదురు. అచట నీరు పెరిగిన, కొన్ని గంటలలో జకార్తాకు వరద వచ్చునని గ్రహింతురు. మహానగరము తన క్షేమమున కై ఈ పాతపల్లె వంతెనవైపు చూచుట గమనింపదగినది.

షాస్తెలేన్ ద్విశతవర్ధంతికి 1914లో ఆ యూరివారొక స్తంభమును నిలిపిరి. స్వాతంత్ర్యానంతరము దానిని తొలగించిరి. 2014లో, మూడు శతాబ్దులు నిండిన సందర్భమున, పండ్రెండు కుటుంబములవారు మరల నిలిపిరి. వలసపాలకుని జ్ఞాపకచిహ్నము స్వతంత్రదేశమున నేల యని కొందరు, మా పితామహుల విడుదల జ్ఞాపకము మాకేల వలదని వారు! ఆ తగవులో ఉభయులకును కొంత న్యాయము కలదు. ప్రతిసంవత్సరము జూన్ 28వ తేదీని వారు మరువరు. ఎవని చేతిలోనైనను ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని సొత్తుగా నుండుట నశించిన దినము తలచుకొనదగినదే.

డెపోకు మనకు నేర్పునది రెండు ముక్కలలో చెప్పవచ్చును. మొదటిది, విముక్తి కాగితముపై వ్రాసిన మాటతో ముగియదు. దాని క్రింద భూమి, వృత్తి, చదువు, అప్పులవానినుండి రక్షణ అను పునాది యుండవలెను. ఈ విషయమును 1714లో ఒక బానిసల యజమానుడు గ్రహించి యాచరించగా, తరువాతి కాలమున పెద్ద పెద్ద ప్రభుత్వములు బానిసత్వమును రద్దుచేయుచు గూడ విస్మరించినవి. రెండవది, కొందరికి కట్టిన పునాది చుట్టును గోడ కట్టిన, ఆ గోడయే యొకనాడు పునాదిపై కూలును. షాస్తెలేన్ చూపు తన బానిసలవరకు పోయినది. వారి పొలమును దున్నబోవు పొరుగువానివరకు పోలేదు. ఒక్కని దయ యెంత విశాలమైనను దాని కొక సరిహద్దురాయి యుండును. న్యాయమున కట్టి రాయి యుండరాదు.

సంఘసంస్కారమును గోరు గృహస్థులు తమ యింటిలోను, ఊరిలోను చేయు ప్రతి మంచిపనికిని ఈ కొలబద్దను పట్టి చూచుట మేలు. ఒకనిని పైకి లేవనెత్తితిమా? మంచిది. వాడు రేపు దేనిపై నిలుచును? వాని ప్రక్కన నిలువబోవువా డెవడు? ఈ రెండు ప్రశ్నలకు బదులు చెప్పగలిగిననాడే మనము చేసినది దానము గాక విముక్తి యగును. మహర్ధిక శబ్దమునకు అప్పుడే పూర్ణార్థము సిద్ధించును.